కరెంటు తీగకు కాపలా ఎవరు?

మీ ఇంట్లో స్విచ్చి వేశారు. బల్బు వెలిగింది. ఆ బల్బులోకి వచ్చిన కరెంటు ఎప్పుడు తయారయిందో చెప్పగలరా? నిన్నా? ఈ ఉదయమా? రెండూ కాదు. మీరు స్విచ్చి వేసిన ఆ క్షణంలోనే, ఎక్కడో ఒక విద్యుత్కేంద్రంలో తయారయింది.

వేరుశనగ కాయలను మూటలు కట్టి దాచుకోవచ్చు. నీళ్లను చెరువులో నిలవ చేసుకోవచ్చు. కరెంటును మాత్రం పెద్ద ఎత్తున దాచడం చాలా కష్టం. బ్యాటరీలలో కొంత దాస్తున్నారు కాని, దేశం వాడే కరెంటుతో పోల్చితే అది బహు స్వల్పం. అందుచేత ప్రతి క్షణమూ మనమంతా కలిసి ఎంత వాడుతున్నామో, సరిగ్గా అంతే తయారవుతూ వుండాలి.

ఈ లెక్క సరిపోతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక గుర్తు వుంది. అదే పౌనఃపున్యం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. దీనినే 50 హెర్ట్‌జ్ అంటారు. మీరు సైకిలు తొక్కుతూ వుండగా వెనక సీటు మీద స్నేహితుడు ఎక్కాడనుకోండి. మీ వేగం తగ్గుతుంది కదా? విద్యుత్కేంద్రంలో తిరిగే యంత్రాల సంగతీ అంతే. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే యంత్రాలు నెమ్మదిస్తాయి, పౌనఃపున్యం 50 కంటే తగ్గుతుంది. వాడకం తగ్గితే యంత్రాల వేగం పెరుగుతుంది. మన దేశపు నియమం ప్రకారం ఈ అంకె 49.90 నుంచి 50.05 లోపల వుండాలి. ఎంత సన్నని గీత మీద నడకో చూశారా!

ఈ నడక తప్పించాలని ఎవరైనా కంప్యూటర్ల ద్వారా దొంగచాటుగా ప్రయత్నిస్తే? వారిని ఆపేది ఎవరు? ఈ వ్యాసంలో తెలుసుకోబోయేది ఆ సంగతే.

ఒకే తీగ, ఒకే దేశం

శ్రీ సత్యసాయి జిల్లాలో ఓబులదేవరచెరువు అనే వూరు వుంది. అక్కడి బోరు మోటారుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? అదే జిల్లాలో, కదిరికి అవతల, నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ వారి 250 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం 2016 నుంచి పనిచేస్తోంది. రామగిరి కొండల మీద గాలిమరలు వున్నాయి. అయితే అక్కడ తయారయిన కరెంటు నేరుగా పక్కవూరికే పోతుందని అనుకోకండి. అది పెద్ద తీగలెక్కి, దేశంలోని మిగతా కేంద్రాల నుంచి వచ్చిన కరెంటుతో కలిసిపోతుంది. అలా కలిసిన మహా వలకే గ్రిడ్ అని పేరు.

మొదట్లో దేశమంతా ఒకే గ్రిడ్‌గా లేదు. 2012 జూలై 30న తెల్లవారుజామున ఉత్తర భారతదేశంలో కరెంటు పోయింది. బీనా–గ్వాలియర్ మధ్య భారం ఎక్కువైన లైను ఒకటి విడిపోవడంతో ఆ గొడవ మొదలయింది. మరునాడు మధ్యాహ్నం మరింత పెద్దయెత్తున జరిగింది. ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాలలో సుమారు 60 కోట్ల మంది వుండే రాష్ట్రాలు చీకటిలో పడ్డాయి. రైళ్లు దారిలో ఆగిపోయాయి. అది ఎవరూ కావాలని చేసిన దాడి కాదు. ఒకచోట మొదలయిన లోపం ఎంత దూరం పాకుతుందో చెప్పే ఉదాహరణ మాత్రమే.

ఆ రోజున మన దక్షిణాది గ్రిడ్ విడిగా వుంది కాబట్టి మనకు ఆ బాధ తగలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది కూడా మిగతా దేశంతో కలిసింది. దీనివల్ల మేలు చాలా వుంది. ఒక ప్రాంతంలో కరెంటు చాలకపోతే మరొక ప్రాంతం ఆదుకుంటుంది. కాని మేలుతోపాటు కీడు కూడా అదే తీగ మీద ప్రయాణం చేయగలదు.

రాయలసీమ పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. అక్కడి చెరువులు గొలుసుకట్టుగా వుంటాయి. ఎగువ చెరువు నిండి మరువ పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు ఎగువన, ధర్మవరం చెరువు దిగువన వున్నాయి. ఇలాంటి చోట ఎగువ చెరువుకు గండి పడితే ఏమవుతుంది? దిగువ కట్ట ఎంత గట్టిదైనా, ఒక్కసారిగా వచ్చి పడిన నీటికి అదీ తెగిపోవచ్చు. దిగువ చెరువు నీరుగంటి తన కట్టను రాత్రంతా కాపలా కాస్తే మాత్రం చాలదు. ఎగువ నుంచి కబురు వేళకు రావాలి. గ్రిడ్‌కు కూడా ఇదే సూత్రం.

తీగల వెనక కంప్యూటర్లు

వెనకటి రోజుల్లో సబ్‌స్టేషనులో ఒక ఆపరేటరు కూర్చుని, మీటర్లు చూసి, ఫోనులో అంకెలు చెప్పేవాడు. పై అధికారి చెబితే స్విచ్చి తీసేవాడు. ఇప్పుడు పెద్ద సబ్‌స్టేషన్లలో ఆ పని చాలావరకు యంత్రాలే చేస్తున్నాయి. వోల్టేజి ఎంత, ఏ లైనులో ఎంత కరెంటు పోతోంది, ఏ బ్రేకరు మూసివుంది, ఏది తెరిచివుంది అన్న అంకెలు కొద్ది సెకన్లకొకసారి నియంత్రణ కేంద్రానికి చేరుతాయి. అక్కడివారు కూర్చున్న చోటి నుంచే దూరపు బ్రేకరును తెరవగలరు, మూయగలరు. ఈ ఏర్పాటుకు స్కాడా అని పేరు.

రాష్ట్రానికొక లోడ్ డిస్పాచ్ కేంద్రం వుంటుంది. ఆంధ్రప్రదేశ్‌ది విజయవాడలో వుంది. దక్షిణాది మొత్తానికి బెంగళూరులో ఒకటి, దేశానికంతటికీ ఢిల్లీలో ఒకటి వున్నాయి. ఇవన్నీ రాత్రింబగళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ వుంటాయి.

సౌరకేంద్రాలలో మరో చిన్న కంప్యూటరు వుంటుంది. సౌర పలకలు ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. దానిని గ్రిడ్‌కు పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చే పరికరం ఇన్వర్టరు. చాలా ఇన్వర్టర్లు ఇంటర్నెట్‌కు కలిసివుంటాయి. ఒక్క ఇన్వర్టరు ఆగిపోతే నష్టమేమీ లేదు. వేలకొద్దీ ఇన్వర్టర్లను ఎవరైనా దూరాన కూర్చుని ఒకే క్షణంలో ఆపగలిగితే? వెనక సీటు మీద ఒకేసారి పదిమంది ఎక్కినట్లవుతుంది!

దొంగ ఎలా వచ్చాడు?

ఇది ఊహ కాదు. ఉక్రెయిన్ దేశంలో 2015 డిసెంబరు 23న ఇటువంటి దాడి నిజంగా జరిగింది. ఆ సాయంత్రం మూడు విద్యుత్ పంపిణీ సంస్థల నియంత్రణ గదులలో తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదలడం మొదలుపెట్టింది! ఆపరేటర్లు చూస్తూ వుండగానే అది ఒక్కొక్క బ్రేకరు దగ్గరికి పోయి తెరిచింది. సుమారు 2 లక్షల 25 వేల మంది వినియోగదారులకు కరెంటు పోయింది.

దొంగలు ఆ రోజే లోపలికి రాలేదు. నెలల ముందే ఉద్యోగులకు ఒక ఉత్తరం కంప్యూటరు ద్వారా వచ్చింది. దానికి ఒక పత్రం జతచేసి వుంది. ఎవరో దాన్ని తెరిచారు. అందులో దాగిన ప్రోగ్రాము లోపల కూర్చుని, పాస్‌వర్డులు సేకరించి, దారులన్నీ నేర్చుకుంది. దాడి రోజున వారు ఇంకొక తమాషా కూడా చేశారు. ఫిర్యాదు చేయడానికి ప్రజలు ఫోను చేస్తే లైను దొరక్కుండా, దొంగ ఫోన్లతో ఆ నంబర్లను నింపేశారు.

మరి కరెంటు తిరిగి ఎలా వచ్చింది? సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి, చేతులతో బ్రేకర్లు మూశారు. ఒక గంట నుంచి ఆరు గంటల లోపల వెలుగు వచ్చింది. కంప్యూటరు ఎంత తెలివైనదైనా, చేత్తో చేసే పద్ధతి మరవకూడదని ఆ రోజు రుజువయింది.

మన దగ్గర జరిగినవి

2019 ఏప్రిల్ నెలాఖరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి ఒక దొంగ ప్రోగ్రాము జొరబడింది. ఇది ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు ఇమ్మని అడిగే రకం. తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కూడా వీటిలో వుంది. ఓబులదేవరచెరువుకు కరెంటు ఇచ్చేది ఆ సంస్థే. వెబ్‌సైట్లు నిలిచిపోయాయి, కంప్యూటరు ద్వారా బిల్లులు కట్టడం ఆగింది. అయినా ఇళ్లలో దీపాలు ఆరలేదు. బిల్లుల లెక్కలు చూసే కంప్యూటర్లకూ, కరెంటు సరఫరాకూ సంబంధం లేకపోవడమే అందుకు కారణం. ఒక గదికి నిప్పంటితే పక్క గదికి పాకకుండా మధ్యలో గోడ వుండాలన్నది ఇందులో మొదటి పాఠం.

అదే ఏడు తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్కేంద్రంలో, కార్యాలయపు పనులకు వాడే కంప్యూటర్లలో ఒక దొంగ ప్రోగ్రాము దొరికింది. రియాక్టరును నడిపే వ్యవస్థ వేరుగా వుండడంచేత దానికేమీ కాలేదు.

2021 మార్చిలో మరొకటి జరిగింది. ఢిల్లీలోని సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ బృందం తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కో సంస్థలకు హెచ్చరిక పంపింది. విదేశీ దొంగలు మీ కంప్యూటర్ల వైపు చూస్తున్నారు, జాగ్రత్త అని దాని సారాంశం. హైదరాబాదులో వెంటనే అనుమానపు చిరునామాలను అడ్డగించారు, పాస్‌వర్డులు మార్చారు. ఎగువ నుంచి దిగువకు కబురు వేళకు వచ్చిందన్నమాట!

శాస్త్రజ్ఞులకు చిక్కుముడులు

“తాళం వేస్తే సరిపోదా?” అని మీరు అడగవచ్చు. చాలదు. గ్రిడ్‌కు తాళం వేయడం మీ బడి కంప్యూటరుకు తాళం వేయడమంత సులభం కాదు. ఎందుకో చూడండి.

మొదటి చిక్కు, కాలం. లైను మీద చెట్టుకొమ్మ పడితే దాన్ని కనిపెట్టే పరికరాన్ని రిలే అంటారు. ఒక రిలే నుంచి మరొక రిలేకు అత్యవసర సందేశం సుమారు 4 మిల్లీసెకన్ల లోపల చేరాలి. కరెంటు ఒక ఆవర్తనం పూర్తి చేయడానికి పట్టే కాలం 20 మిల్లీసెకన్లు. అందులో ఐదోవంతు అన్నమాట. ఈ సందేశానికి రహస్య లిపి తొడిగి, అవతల విప్పి చదవాలంటే సమయం పడుతుంది. ఆలస్యమైతే యంత్రాలు కాలిపోతాయి. సందేశం భద్రంగానూ వుండాలి, వేగంగానూ పోవాలి.

రెండవ చిక్కు, అబద్ధపు అంకెలు. కిర్కాఫ్ నియమం మీకు తెలుసు. ఒక కూడలిలోకి వచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటుకు సమానం. లోపలికి 100 ఆంపియర్లు వస్తున్నట్లు, బయటికి 60, 25 ఆంపియర్లు పోతున్నట్లు మీటర్లు చెప్పాయనుకోండి. ఎక్కడో తప్పున్నదని ఇట్టే పట్టేయవచ్చు. కాని తెలివైన దొంగ ఒక్క అంకెనే మార్చడు. లెక్క కుదిరేటట్లు నాలుగు అంకెలను కలిపి మారుస్తాడు. అప్పుడు తెర మీద అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. ఇలా చేయడం సాధ్యమేనని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు గణితంతో నిరూపించారు. దీన్ని పట్టుకునే పద్ధతుల కోసం ఎన్నో దేశాలలో పరిశోధన సాగుతోంది.

మూడవ చిక్కు, ప్రయోగం ఎక్కడ చేయాలి? నిజమైన గ్రిడ్ మీద దొంగాట ఆడి చూడలేం కదా! అందుకే పరిశోధనాలయాలలో నమూనా గ్రిడ్లు కట్టుకుంటారు. అమెరికాలోని ఇడాహో జాతీయ పరిశోధనాలయంలో 2007లో ఒక ప్రయోగం చేశారు. ఒక పెద్ద డీజిల్ జనరేటరును తీసుకున్నారు. దాని బ్రేకరును కంప్యూటరు ద్వారా, తప్పుడు క్షణాలలో తెరిచి మూశారు. జనరేటరు ఎగిరెగిరిపడి, పొగలు కక్కి, పాడైపోయింది. బాంబు లేదు, సుత్తి లేదు. కొన్ని వరుసల ప్రోగ్రాము మాత్రమే! దొంగ కనిపెట్టకముందే కాపలాదారు తన లోపాన్ని తాను కనిపెట్టడం ఎంత అవసరమో ఆ ప్రయోగం లోకానికి చూపింది.

పదిమంది చేసే పని

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ చిక్కులను విప్పే బాధ్యత ఎవరిది? ఒక్క సంస్థది మాత్రం కాదు. కరెంటు తయారుచేసేది ఒకరు, మోసుకుపోయేది మరొకరు, ఇంటింటికీ పంచేది ఇంకొకరు. పరికరాలు తయారుచేసేది ఏదో కంపెనీ. పరిశోధన చేసేది విశ్వవిద్యాలయాలు. దొంగల ఆచూకీ తీసేది ప్రభుత్వ శాఖలు. వీరిలో ఎవరికీ చిత్రమంతా కనిపించదు.

వీరు విడివిడిగా పనిచేస్తే రెండు నష్టాలు. ఒకే సమస్య మీద నలుగురు డబ్బు ఖర్చుపెడతారు. ఇంకొక సమస్యను “అది వాళ్లు చూసుకుంటారులే” అని అందరూ వదిలేస్తారు. మూడో నష్టం ఇంకా పెద్దది. ఒక రిలేలో లోపం వున్నదని ఒక పరిశోధనాలయానికి తెలుస్తుంది. అదే రకం రిలే వందల సబ్‌స్టేషన్లలో వుంటుంది. ఆ కబురు అక్కడికి చేరకపోతే ఆ పరిశోధన వల్ల ఎవరికి లాభం?

పోనీ, పత్రికలో వేసి అందరికీ చాటుదామా? దొంగ కూడా చదువుతాడు! దాచేద్దామా? కాపలాదారుకూ తెలియదు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపం కనిపెట్టినవారు ముందుగా ఆ పరికరం తయారుచేసిన వారికీ, ప్రభుత్వ బృందానికీ రహస్యంగా చెబుతారు. మందు తయారయ్యాక రోగం పేరు బయటపెడతారు.

మన దేశంలో ఈ ఏర్పాటు మెల్లమెల్లగా రూపు కట్టింది. 2004లో సెర్ట్-ఇన్ ఏర్పడింది. దేశానికి అత్యంత కీలకమైన కంప్యూటరు వ్యవస్థలను కాపాడడానికి 2014లో మరొక జాతీయ కేంద్రం వచ్చింది. విదేశాల నుంచి తెచ్చే విద్యుత్ పరికరాలలో దొంగ ప్రోగ్రాములు లేవని పరీక్ష చేయించాలని 2020 జూలైలో కేంద్ర విద్యుత్ శాఖ ఆదేశించింది. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఈ రంగానికంతటికీ భద్రతా నియమావళిని విడుదల చేసింది. సైబర్ దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటల లోపల సెర్ట్-ఇన్‌కు చెప్పి తీరాలని 2022లో నియమం వచ్చింది. ఇది చాలా ముఖ్యమైన నియమం. తన ఇంట్లో దొంగ పడ్డాడని చెప్పుకోవడానికి ఎవరైనా సిగ్గుపడతారు. ఆ సిగ్గు వల్ల పక్కింటివారు మోసపోకూడదు కదా!

థర్మల్, జలవిద్యుత్, ప్రసారం, పంపిణీ, గ్రిడ్ నిర్వహణ, సౌర–పవన విద్యుత్తు అంటూ ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క స్పందన బృందం వుంది. అన్నిటినీ కలుపుతూ విద్యుత్ రంగానికంతటికీ ఒక బృందం 2024లో పని మొదలుపెట్టింది.

పరిశోధన మాటకొస్తే, ఓబులదేవరచెరువుకు దగ్గరి మహానగరం బెంగళూరే ఒక ముఖ్య కేంద్రం. 1960లో స్థాపించిన కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థ అక్కడే వుంది. మీటర్లు, రిలేలు, అవి మాట్లాడుకునే భాష సరిగా వున్నాయో లేదో అక్కడ పరీక్షిస్తారు. ఆ వూళ్లోనే భారతీయ విజ్ఞాన సంస్థలో పవర్‌గ్రిడ్ సంస్థ సాయంతో గ్రిడ్ భద్రత మీద పరిశోధన జరుగుతోంది. కాన్పూరు ఐఐటీలో విద్యుత్ వ్యవస్థల నమూనా కట్టి, దాని మీద దాడులు చేసి చూస్తున్నారు. అమెరికాలో 2006లోనే ప్రభుత్వం, విద్యుత్ కంపెనీలు, పరిశోధనాలయాలు కలిసి కూర్చుని, ముందుగా ఏ పని కావాలో, తర్వాత ఏది కావాలో ఒకే కాగితం మీద రాసుకున్నాయి. 2011లో దాన్ని సవరించుకున్నాయి. ఎవరు ఏం చేస్తున్నారో అందరికీ తెలిసేటట్లు రాసిపెట్టుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది. నిజానికి పెద్ద యంత్రం కనిపెట్టడం కంటే ఇదే కష్టం!

మీరేం చేయగలరు?

“ఇవన్నీ పెద్దవాళ్ల సంగతులు” అనుకోకండి. ఉక్రెయిన్ దాడి ఒక ఉత్తరాన్ని తెరవడంతో మొదలయింది. “ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి” అని మీ నాన్నగారి సెల్‌ఫోనుకు ఎవరైనా సందేశం పంపవచ్చు. ఇలాంటి దొంగ సందేశాలు మన దేశంలో చాలామందికి వచ్చాయి. ఆ నంబరుకు ఫోను చేయవద్దని ఇంట్లో చెప్పండి. అనుమానం వుంటే బిల్లు తీసుకుని దగ్గరలోని విద్యుత్ కార్యాలయానికే వెళ్లి అడగమనండి. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను బడి కంప్యూటరుకు తగిలించకండి.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. కాగితం, పెన్సిలు తీసుకోండి.

1. ఒక జనరేటరులో అయస్కాంతానికి ఒక ఉత్తర ధ్రువం, ఒక దక్షిణ ధ్రువం మాత్రమే వున్నాయి. 50 హెర్ట్‌జ్ కరెంటు రావాలంటే అది నిమిషానికి ఎన్నిసార్లు తిరగాలి? పౌనఃపున్యం 49.9కి తగ్గితే ఎన్ని చుట్లు తగ్గుతాయి?

2. ఒక కూడలిలోకి రెండు తీగల ద్వారా 70, 45 ఆంపియర్లు వస్తున్నాయి. మూడు తీగల ద్వారా బయటికి పోయేవి 50, 40, 20 అని మీటర్లు చెబుతున్నాయి. ఏదో ఒక మీటరు అబద్ధం చెబుతోందని మీకు ఎలా తెలిసింది? అది ఏ మీటరో ఈ అంకెలతోనే చెప్పగలరా? చెప్పలేకపోతే ఇంకేం తెలియాలి?

3. మీ వూరి సబ్‌స్టేషనులో కంప్యూటరు పూర్తిగా ఆగిపోయిందనుకోండి. చేత్తో చేయగల పనులేవి? ఆ సంగతి ముందుగా ఎవరికి చెప్పాలి? మీ సైన్సు మాస్టారితో కలిసి వెళ్లి, కంచె బయట నిలబడి, అక్కడి ఆపరేటరుగారిని అడగండి.

మొదటి రెండింటికీ జవాబు లెక్కలో దొరుకుతుంది. మూడవదానికి మాత్రం మనుషులను అడగాల్సిందే. గ్రిడ్‌ను కాపాడే పనిలో సగం అదే మరి!